లప్పం కింద గుమ్మం

జైలు, విచారణ ఖైదీల గది

అక్కకి,

నువ్వు పంపిన బనీన్లు, సబ్బు, దువ్వెన చేరాయి. దువ్వెన మాత్రం విరిచి సగమే ఇచ్చారు. ఎందుకని అడగలేదు. ఇక్కడ ఎందుకని అడిగినవాడికి మిగతా సగం కూడా దక్కదని రెండో రోజే తెలిసింది.

ఇరవైమంది కోసం కట్టిన గదిలో నలభై ఇద్దరం ఉన్నాం. పడుకున్నాక ఒకడు పక్కకి తిరగాలంటే వరసంతా తిరగాలి. కిటికీ బాగా ఎత్తులో ఉంది. దానిలోంచి నీళ్ళ ట్యాంకు పైసగం కనిపిస్తుంది, అంతే. పగలంతా దాన్నే చూస్తాం. ఎవరైనా పనివాడు ట్యాంకు ఎక్కితే ఆ పూట మాకు కాలక్షేపం.

కంపెనీ నా మీద రాసిచ్చిన కాగితం నకలు లాయరమ్మ తెచ్చి చూపించింది. ప్యాకింగు హాలుకి కట్టిన నాటినుంచీ ఒకటే గుమ్మమట. దానికి అడ్డంగా అట్టపెట్టెలు పేర్పించింది సూపర్‌వైజరునైన నేనట. అందుకే నిప్పంటుకున్న రోజు, మేమంతా పొడుగామె అని పిలిచే ప్యాకింగు మనిషి, ఆవిడతోపాటు ఇంకొకావిడ బయటపడలేక చనిపోయారట. పెట్టెలు అక్కడ ఉన్నమాట నిజమే అక్కా. కానీ ఆ హాలుకి వెనక సందులోకి ఇంకో గుమ్మం ఉండేది. ఆరేళ్ళ కిందట నేను ఉద్యోగంలో చేరేనాటికే దాన్ని గోడ కట్టి మూసేసి, ముందు సామాన్ల ర్యాకులు నిలబెట్టారు. ఫ్యాక్టరీలో పాతవాళ్ళు ఆ సంగతి చెప్పుకునేవారు. ఇప్పుడు అదే మాట చెప్పడానికి ఒక్కరికీ నోరు రావడం లేదు. కంపెనీ ఇళ్ళలో కాపురాలు చేస్తున్నారు మరి. కాలిన హాలు ప్రమాదమని వారం తిరక్కుండానే పడగొట్టేశారు. ప్లాను కాగితాలు దొరకడం లేదంటున్నారు.

మేనేజరు గది ముందు అద్దాల పెట్టెలో ఫ్యాక్టరీ నమూనా ఒకటి ఉండేది. అది చేసింది మీ వర్క్‌షాపే కదా. అందులో వెనక గుమ్మం ఉండేదా? నీకేమైనా గుర్తుందా?

ఇక్కడ వచ్చే ఉత్తరమైనా వెళ్ళే ఉత్తరమైనా గుమాస్తా చదివాకే కదులుతుంది. నాది చదివి దస్తూరి బాగుందన్నాడు. మా అక్క నేర్పిందని చెప్పాను.

తమ్ముడు

*

వర్క్‌షాపు, మేడ మీద

చిన్నా,

ఉత్తరం అందింది. సగం దువ్వెనతోనైనా రోజూ తల దువ్వుకో. కోర్టుకి తీసుకెళ్ళినప్పుడు మనిషి మనిషిలా కనపడాలి.

నమూనా సంగతి నాకు సరిగా గుర్తులేదు. ఏడాదికి పాతిక నమూనాలు నా బల్ల మీదుగా వెళ్తాయి. ఏ గోడకి ఎన్ని గుమ్మాలున్నాయో ఎక్కడ గుర్తుంటుంది?

అయితే అదే నమూనా మొన్న మళ్ళీ మా దగ్గరికి వచ్చింది. మసిపట్టి పాడైందట. పాత రంగంతా వదిలించి కొత్తగా వెయ్యమన్నారు. విచారణ సంఘానికి చూపిస్తారట. విడదీస్తే అరవైనాలుగు ముక్కలు వచ్చాయి, అన్నీ రెజినువే, అచ్చులో పోసి గట్టిపరిచే ప్లాస్టిక్కు. రెజినుతో తొందరపడితే కుదరదు. థిన్నరు తగిలిందంటే పైపొర బంకలా సాగి కిటికీ ఊచలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అందుకని మూత ఉన్న డబ్బాలో స్పిరిట్ పోసి నానబెడుతున్నాను. ఒక రోజంతా నానితే రంగు ముడతపడి, కాగిన పాల మీద మీగడలా లేస్తుంది. అప్పుడు పాత పళ్ళ బ్రష్షుతో నెమ్మదిగా తోమాలి. సన్నటి ఊచలు వంకర తిరిగితే వేడినీళ్ళలో ముంచి, మెత్తబడ్డాక చెక్క మీద అదిమిపట్టి తిన్నగా చెయ్యాలి. చేతులకి తొడుగులూ మూతికి గుడ్డా ఉన్నా, తినే ముద్దలో కూడా అదే వాసన.

లాయరమ్మ చెప్పినట్టు విను. ఎవరితోనూ గొడవ పెట్టుకోకు.

అక్క

*

జైలు

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నమూనా నీ బల్ల మీదే ఉందా! ఇన్నాళ్ళకి ఒక్క మంచి కబురు విన్నాను. హాలు వెనక గోడ ముక్క ఏదో చూడు. కుడిచేతి మూల నుంచి మూడో కిటికీ దాటాక ఉండాలి. అసలు గోడ మీద అక్కడ ప్లాస్టరు మచ్చ ఒకటి ఉండేది, మనిషికంటే ఎత్తుగా. వానాకాలం వస్తే ఆ మచ్చ ఒక్కటే చెమ్మగిల్లేది. నమూనా చేసింది ఫ్యాక్టరీ కట్టినప్పుడే కాబట్టి, పైన రంగు పూసి కప్పేసినా అడుగున గుమ్మం తప్పకుండా ఉంటుంది. రంగు వదిలించగానే నాకు రాయి. లాయరమ్మకి కూడా చెప్పాను. ఆవిడ కుర్చీలో ముందుకి జరిగి, నిజంగానా అంది. మూడు నెలల్లో ఆవిడ నా మాటకి ముందుకి జరగడం ఇదే మొదలు.

నా పక్కన పడుకునే ముసలాయన లారీ డ్రైవరు. ఎప్పుడొస్తావు బయటికి అని రోజూ అడిగేవాడు. ఈవేళ మొదటిసారి, త్వరలోనే అని చెప్పాను.

తమ్ముడు

*

వర్క్‌షాపు

తమ్ముడికి,

నేను క్షేమం. పని నడుస్తోంది. ఆ గోడ ముక్క ఇంకా నానుతోంది. కొన్నిటి రంగు ఎన్ని రోజులైనా వదలదు.

కంపెనీ మనిషి ఒకాయన సోమవారం నుంచి మా షాపులోనే కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. పొద్దున్న నాకంటే ముందు వస్తాడు. నేను చెయ్యి కడుక్కోవడానికి లేచినా తలెత్తి చూస్తాడు. కిటికీలు తియ్యొద్దన్నాడు, దుమ్ము పడుతుందట. స్పిరిట్ వాసనకి దగ్గుతూ తనే తలుపు దగ్గరికి జరిగాడు గాని తియ్యనివ్వలేదు.

ఇలాంటి విషయాలు ఉత్తరాల్లో రాయకు. ఆరోగ్యం చూసుకో.

అక్క

*

జైలు

అక్కా,

నిన్న నన్ను చూడ్డానికి కంపెనీ తరఫున ఒకాయన వచ్చాడు. నేను పోయినసారి రాసిన ఉత్తరంలో ఉన్న మాటలే నాకు తిరిగి చెప్పాడు, మూడో కిటికీతో సహా. గుమాస్తా నా దస్తూరి ఎందుకు మెచ్చుకున్నాడో ఇప్పుడు అర్థమైంది.

ఆ గోడ జోలికి పోకు. నాననీ, ఎండనీ, నీకెందుకు? వాళ్ళు చెప్పినట్టు రంగు వేసి పంపించెయ్. లాయరమ్మతో కూడా నాకేదో భ్రమ అని చెప్పేశాను. ఆవిడ ఫైలు కట్టేసుకుని వెళ్ళిపోయింది.

కారణం అడక్కు. చిన్నప్పటినుంచీ నువ్వు చెప్పిందే నేను విన్నాను. ఈ ఒక్కసారికి నేను చెప్పింది నువ్వు విను.

తమ్ముడు

*

ఇల్లు, వంటగదిలో కూర్చుని

చిన్నా,

ఇది లాయరమ్మ కాగితాల మధ్య వస్తోంది. గుమాస్తా కళ్ళు దీని మీద పడవు. ఇంతకుముందు నేను రాసినవన్నీ పక్కన పెట్టి ఇది చదువు.

గుర్తులేదని రాశాను. అబద్ధం. ఆరేళ్ళ కిందట ఆ గోడ ముక్కని మేనేజరు స్వయంగా రుమాల్లో చుట్టి తెచ్చాడు. మా ఓనరు ముసలాయన ఆ రోజు లేడు. ఈ గుమ్మం ఇప్పుడు వాడకంలో లేదు, నమూనాలో ఉంటే వచ్చినవాళ్ళు అదేమిటని అడుగుతున్నారు, కనపడకుండా చెయ్యమ్మా అన్నాడు. నేనేమీ అడగలేదు. గుమ్మం పల్లంలో లప్పం నింపి, ఆరాక తడిపిన గరుకు కాగితంతో రుద్ది, గోడ రంగు పూశాను. పట్టుమని గంట పని. వేలితో తడిమినా తెలియనంత నున్నగా చేశాను. నా పని నేనే మెచ్చుకున్నాను కూడా.

వెళ్తూ వెళ్తూ, ఇంట్లో ఉద్యోగం లేనివాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగాడు. నువ్వప్పటికి ఎనిమిది నెలలుగా ఇంట్లో కూర్చున్నావు. మాట్లాడితే మీదికి వచ్చేవాడివి, మాట్లాడకపోతే అన్నం ముందు నుంచి లేచిపోయేవాడివి. ఉన్నాడన్నాను. పై సోమవారం నువ్వు చేరావు. నీ అర్జీ చూసి పిలిచారని నీతో చెప్పాను. నీ అర్జీని ఎవరూ చూడలేదు చిన్నా.

నేను పూడ్చింది బొమ్మలో గుమ్మమేనని ఇన్నేళ్ళూ అనుకున్నాను. అసలు గుమ్మాన్ని నేను మూయలేదు కదా అని. నువ్వు ఉత్తరంలో ఆ గుమ్మం గురించి అడిగిన రోజు ఆ సమాధానం నాకే చాలలేదు.

ఇప్పుడు వాళ్ళు చెప్పిందేమిటంటే, గోడ కొత్తగా గుమ్మం లేకుండా పోతపొయ్యాలి. పాత ముక్క వాళ్ళ మనిషి కళ్ళముందే విరగ్గొట్టాలి. పన్నెండు రోజులు ఏదో ఒక వంక చెప్పి దాన్ని స్పిరిట్‌లోనే ఉంచాను. రంగు మొదటి రోజే వదిలింది. లప్పమే వదల్లేదు. దాన్ని సూదితో కొంచెం కొంచెంగా తవ్వాలి, చెయ్యి జారితే అంచు ఊడిపోతుంది. అతను దగ్గుతూ మెట్ల మీదికి వెళ్ళినప్పుడల్లా కాస్త కాస్త తీశాను. ముందు గడప వచ్చింది. తర్వాత రెండు తలుపు రెక్కలు, ఆవగింజంత గొళ్ళెం. పైన పలక మీద అక్షరాలు కూడా ఉన్నాయి, ఉబ్బెత్తుగా. భూతద్దంలో చూస్తే ‘బయటికి దారి’ అని. ఎవరో నాకంటే ముందు ఆ బల్ల దగ్గర కూర్చుని అంత చిన్న అక్షరాలు చెక్కారు. నేను వాటి మీద లప్పం మెత్తాను.

ఆ అక్షరాలు బయటపడ్డ మర్నాడు మా ముసలాయన ఏమనుకున్నాడో, కంపెనీ మనిషి దగ్గరికెళ్ళి, ఈ వాసనలో కూర్చుంటే ఊపిరితిత్తులు పాడైపోతాయి బాబూ, రండి, కిందకెళ్ళి టీ తాగుదాం అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. ఆయన ఎవరికీ టీ ఇప్పించే మనిషి కాదు. గంటసేపు పైకి రాలేదు. ఆ గంటలో రబ్బరు అచ్చు తీశాను. ఇంకో రోజు అలాగే తీసుకెళ్తే అందులో రెజిను పోసి నకలు చేశాను. మీద మసి పూసి, లప్పం అద్ది పాతదానిలా చేశాను. నిన్న కంపెనీ మనిషి దాన్నే పట్టకారుతో తునకలు చేసి, పొట్లం కట్టుకుపోయాడు. అసలు ముక్క నా సూదుల డబ్బా అడుగున ఉంది. ముసలాయన చూశాడు. డబ్బా మూత ఆయనే పెట్టాడు.

నువ్వేమో దాని జోలికి పోవద్దంటున్నావు. నిన్ను ఏమని బెదిరించారు? నాలో దాచుకున్నది నీకు చెప్పేశాను. ఇప్పుడు నీది చెప్పు.

అక్క

*

జైలు

అక్కా,

నీ ఉత్తరం అంది ఆరు రోజులైంది. మొదటి మూడు రోజులు నీకు రాయాలనిపించలేదు. ఆ ఉద్యోగం నా యోగ్యత చూసి వచ్చిందని ఎంతమందితో గొప్పలు చెప్పుకున్నానో నీకు తెలియదు. నలభైమంది మధ్య మూలకి తిరిగి పడుకున్నాను. లారీ డ్రైవరు ముసలాయన ఏమైందని కూడా అడగలేదు, తన దుప్పటి సగం నా మీద వేశాడు.

తర్వాత కోపం నీ మీంచి నా మీదికి తిరిగింది. ఎందుకంటే నా సంగతి నీకంటే గొప్పగా ఏమీ లేదు.

సూపర్‌వైజరు అయ్యాక నెలనెలా నేను ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. అచ్చు కాగితం. ‘హాలు రెండు గుమ్మాలూ పరిశీలించాను, తెరిచి ఉన్నాయి, అడ్డు లేదు’ అని అందులో ముందే ఉంటుంది. కింద తేదీ, సంతకం. మొదటి నెల మేనేజరు దగ్గరికెళ్ళి, ఒకటే కదండీ గుమ్మం అన్నాను. ఆయన నవ్వి, పాత అచ్చు కాగితాలు అయిపోనీ, కొత్తవి వేయిద్దాం, అప్పటిదాకా పెట్టు అన్నాడు. పెట్టాను. రెండో నెల అడగలేదు. ఇరవైరెండు కాగితాల మీద పెట్టాను అక్కా. ఆ ప్లాస్టరు మచ్చకి ఎదురుగా నిలబడి కొన్నిసార్లు, ర్యాకుకి కాగితం ఆనించి పెట్టాను.

నన్ను చూడ్డానికి వచ్చిన కంపెనీ మనిషి చెప్పింది అదే. గుమ్మం లేదంటే నీది అజాగ్రత్త కేసు, ఏడాదిలో ఇంటికి పోతావు. గుమ్మం ఉందని తేలితే మాత్రం ఆ ఇరవైరెండు కాగితాలు బయటికి వస్తాయి. మాకేం తెలుసు, సూపర్‌వైజరు రెండూ తెరిచే ఉన్నాయని రాసిచ్చాడు అంటాం అన్నాడు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఇక్కడికొచ్చాక తెలిసింది. ఏ రెక్క మూసినా నలిగేది నేనే.

నిన్న లాయరమ్మ వచ్చినప్పుడు ఇదంతా చెప్పాను. ఆవిడ రాసుకోవడం ఆపి కలం కింద పెట్టింది. ఇది మీరు ముందు చెబితే ఒక రకం, వాళ్ళు ముందు చెబితే ఇంకో రకం, ఏ రకంగానూ మీరు రేపే ఇంటికి వెళ్ళరు అంది.

ఇదీ లాయరమ్మ కాగితాల మధ్యే పంపుతున్నాను. ముక్క ఇచ్చెయ్ అక్కా. కాగితాల మాట నేనే చెబుతాను. వాళ్ళ నోటినుంచి రానివ్వను.

తమ్ముడు

*

ఇల్లు

చిన్నా,

ఇచ్చేశాను. విచారణ సంఘంవాళ్ళు పదకొండు గంటలకి పిలిచి నాలుగింటిదాకా కూర్చోబెట్టారు. కంపెనీవాళ్ళ నమూనా బల్ల మీద ధగధగా మెరుస్తోంది, నేనే వేసిన రంగు. నేను సూదుల డబ్బా తెరిచి ఈ ముక్క దాని పక్కన పెట్టాను. సంఘం పెద్ద భూతద్దం తెప్పించుకుని చాలాసేపు చూశాడు. పైపలక మీది అక్షరాలు తనలో తనే చదువుకున్నాడు. తర్వాత ముక్కని పక్కవాళ్ళకి అందించాడు.

కంపెనీ లాయరు లేచి, దీన్ని మూసిందెవరమ్మా అని అడిగాడు. నేనేనన్నాను. ఎవరు మూయమన్నారంటే మేనేజరుని చూపించాను. అంత తేలిగ్గా ఎందుకు మూశారు, కారణం అడగలేదా అన్నాడు.

“అడిగితే మా తమ్ముడికి ఉద్యోగం రాదేమోనని అడగలేదు,” అన్నాను.

ఆ మాట కూడా రాసుకున్నారు. 

అంతకుముందురోజే నీ వాంగ్మూలం చదివారట. ఇరవైరెండు కాగితాలూ వాళ్ళ బీరువాలోనే దొరికాయి. మేనేజరుని ఆ సాయంత్రమే పోలీసులు తీసుకెళ్ళారు. గెలిచామని లాయరమ్మ అనలేదు. నేనూ అడగలేదు.

ఇక నా సంగతి. ఊరు దాటకూడదన్నారు. సోమవారం సోమవారం స్టేషనుకెళ్ళి సంతకం పెట్టి రావాలి. మా ముసలాయన కొన్నాళ్ళు రావద్దమ్మా అన్నాడు, నా మొహం చూడకుండా. ఆయన తప్పు లేదు, నేను బల్ల దగ్గరుంటే ఏ కంపెనీ పని ఇస్తుంది? పదిహేడేళ్ళుగా ఆరింటికి లేచి వెళ్ళిన మనిషిని, ఇప్పుడూ ఆరింటికే లేస్తున్నాను. లేచి గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి నడుస్తాను. ఎదురింటావిడ నేను బయటికి రావడం చూస్తే లోపలికెళ్ళి తలుపేసుకుంటుంది. వాళ్ళాయన ఆ ఫ్యాక్టరీలోనే. ఆవిణ్ణీ ఏమీ అనలేను. చేతులకి పని లేక నిన్న అలమారలో గిన్నెలన్నీ దించి మళ్ళీ సర్దాను, రెండుసార్లు.

నిన్ను ఆ ఫ్యాక్టరీలోకి పంపింది నేనే. ఆ మాట ఇంక ఎవరూ అననక్కర్లేదు, నేనే రోజూ అనుకుంటున్నాను.

అక్క

*

జైలు, శిక్ష పడ్డవాళ్ళ వైపు

అక్కా,

తీర్పు సంగతి లాయరమ్మ చెప్పే ఉంటుంది. రెండేళ్ళు. లోపల గడిచిన తొమ్మిది నెలలూ అందులోంచి పోతాయి. మేనేజరు కేసు ఇంకా నడుస్తోంది. ఇటువైపు గదిలో కిటికీ ఇంకా చిన్నది, ట్యాంకు కూడా కనపడదు. నేను ముందే నోరు తెరిచినందుకు కొందరు నన్ను వెర్రివాడంటున్నారు. సమాధానం చెప్పడం మానేశాను.

నీకు ఇది రాస్తున్నది దాని గురించి కాదు.

మొన్న ములాఖత్ రోజు నాకోసం ఒకాయన వచ్చారన్నారు. వెళ్తే ఇనప జల్లెడకి అవతల పొడుగామె భర్త. దర్జీ పని చేస్తాడు, చొక్కా జేబుకి ఇంకా గుండుసూదులు గుచ్చి ఉన్నాయి. తిడతాడని తల దించుకుని నిలబడ్డాను. ఆయన తిట్టలేదు. జల్లెడ పట్టుకుని ఒక్కటే అడిగాడు.

“గుమ్మం ముందువైపుంటే మా ఆవిడ వెనక గోడ దగ్గర ఎందుకు దొరికింది బాబూ? కంగారులో దారి తప్పిందని వాళ్ళు కాగితంలో రాశారు. పదహారేళ్ళు అక్కడ పనిచేసిన మనిషి, దారి తప్పుతుందా?”

నేను అప్పటిదాకా ఆ సంగతి ఆలోచించలేదక్కా. ఆయన అడిగాక ఆ రోజు ఎవరెవరు ఎటు పరిగెత్తారో ఒక్కొక్కరినే గుర్తు చేసుకున్నాను. బతికి బయటపడ్డవాళ్ళందరూ ఈ ఆరేళ్ళలో చేరినవాళ్ళే. వాళ్ళకి తెలిసింది ఒకటే గుమ్మం, పెట్టెలెక్కి దూకి బయటపడ్డారు. ఆ రోజు హాల్లో ఉన్నవాళ్ళలో ఆ ఇద్దరే పాతవాళ్ళు. పొగలో కళ్ళు కనపడనప్పుడు మనిషి కాళ్ళకి అలవాటైన వైపుకే పోతాడు. అది మూయకముందు వాళ్ళు ఏళ్ళ తరబడి వాడిన గుమ్మం వెనకదే.

“దారి తప్పలేదండీ. ఆవిడ సరిగ్గా గుమ్మం దగ్గరికే వెళ్ళింది. మేమే అక్కడ గోడ పెట్టాం,” అన్నాను.

ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పాను. మా అమ్మాయికి కూడా ఇలాగే చెబుతాను, అది వాళ్ళమ్మ తెలివితక్కువగా చచ్చిపోయిందని పిల్లలంటున్నారని బడికి వెళ్ళడం మానేసింది అన్నాడు. గంట కొట్టారు. వెళ్తూ, నమూనాలో గుమ్మం తీసి చూపించింది మీ అక్కగారేనా అన్నాడు. అవునన్నాను. దాన్ని మొదట మూసింది కూడా ఆవిడేనటగా అన్నాడు. దానికీ అవునన్నాను.

ఆదివారం అమ్మాయిని వెంటపెట్టుకుని నీ దగ్గరికి వస్తానన్నాడు. వద్దనడానికి నాకు నోరు రాలేదు. ఏమంటాడో నాకు తెలియదు. లోపలికి పిలిచి కూర్చోబెట్టు. ఆ పిల్ల ఏదడిగితే అది చెప్పు, ఏదీ దాచకుండా.

తమ్ముడు